గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల రిపోర్టులో సీఆర్‌పీ 7, 8 వస్తే ఇన్‌ఫెక్షన్ అనుకోవాలా?

లంక_క్లినిక్ (ఎంఎల్‌హెచ్‌పీ - మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, కోనసీమ)

అందరికీ నమస్కారమండి. హెల్త్ చెకప్ ప్యాకేజీల పుణ్యమా అని ఇప్పుడు లంక గ్రామాల్లో కూడా హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్‌పీ ప్రొటీన్‌ను సూక్ష్మంగా కొలిచే పరీక్ష) రిపోర్టు పట్టుకొస్తున్నారు. పాతికేళ్ల అటూ ఇటూ ఆడవాళ్లు. జ్వరం లేదు, దగ్గు లేదు, బరువు మామూలే. సీఆర్‌పీ మాత్రం 5 నుంచి 9 మి.గ్రా./లీ. మధ్య, పక్కన ఎర్ర అక్షరాల్లో ‘హై’. కొందరికి ఈఎస్‌ఆర్ (గొట్టంలో ఎర్రకణాలు కిందికి దిగే వేగం) 28, 30. కదిపితే మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలనో, పీసీఓడీ (అండాశయాల్లో నీటితిత్తుల సమస్య) మాత్రలనో చెబుతున్నారు. ఈలోపు ఎవరో ఒకరు ఐదు రోజుల యాంటీబయాటిక్ రాసేసి ఉంటున్నారు. మాత్రల వల్ల ఎంత వరకు పెరగొచ్చు? ఏ అంకె దాటితే మాత్రల మీదకు నెట్టకూడదు? రిపోర్టు కోసం మాత్రలు ఆపించాలా?

గైనిక్_కాకినాడ

చివరి ప్రశ్నకు ముందు చెబుతాను: ఆపించొద్దు. సీఆర్‌పీ దిగిందో లేదో చూద్దామని మాత్రలు మాన్పిస్తే మూడో నెలకు యూపీటీ (మూత్రంతో చేసే గర్భ పరీక్ష) పాజిటివ్‌తో వస్తారు.

ఇక కారణం. మాలా-ఎన్ హార్మోను బిళ్లలో లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టిన్ రకం హార్మోను) 0.15 మి.గ్రా., ఇథినైల్ ఈస్ట్రడయోల్ (ఈస్ట్రోజన్ రకం హార్మోను) 0.03 మి.గ్రా. ఉంటాయి. స్ట్రిప్పులో ఇవి 21, మిగతా 7 ఐరన్ బిళ్లలు. మింగిన ఇథినైల్ ఈస్ట్రడయోల్ పేగు నుంచి మొదట కాలేయానికే చేరుతుంది. సీఆర్‌పీ తయారయ్యేదీ అక్కడే. ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు తెల్లకణాల నుంచి ఐఎల్-6 అనే సంకేత ప్రొటీన్ వెళ్లి కాలేయాన్ని పురమాయిస్తుంది. మాత్రలు వాడేవాళ్లలో ఐఎల్-6 పెరగకుండానే సీఆర్‌పీ పెరుగుతుంది. ధవళేశ్వరం దగ్గర లాకులెత్తితే కాలవలో నీటిమట్టం లేస్తుంది, అది చూసి గోదారికి వరదొచ్చిందనుకోకూడదు కదా.

పెరుగుదల సగటున రెండు మూడు రెట్లు. మాత్రలు లేకపోతే 0.8 ఉండే మనిషికి 2 దాకా, 2 ఉండే మనిషికి 5, 6 దాకా రావచ్చు. వాడకం మొదలైన తొలి నెలల్లోనే పైకెక్కి, వాడినన్నాళ్లూ ఆ ఎత్తులోనే ఉంటుంది. ఆపిన కొన్ని వారాల్లో దిగిపోతుంది. కాబట్టి మీరు చెప్పిన 5–9, వేరే లక్షణమేదీ లేని మనిషిలో, మాత్రలతోనే సరిపోవచ్చు.

బరువును మాత్రం మర్చిపోకండి. నడుం చుట్టూ కొవ్వున్న మనిషికి మాత్ర లేకపోయినా సీఆర్‌పీ 3, 4 ఉంటుంది. పీసీఓడీ మాత్రలు వాడేవాళ్లలో చాలామందికి ఈ రెండూ కలిసే ఉంటాయి. అలాంటప్పుడు ఎంత వాటా దేనిదో ఒక్క రిపోర్టులో విడదీయలేం.

మందులకొట్టు_రావులపాలెం

డాక్టరు గారి మాటకు చిన్న చేర్పు. మాత్రలన్నీ ఒకే గాటన కట్టొద్దండి. ఈస్ట్రోజన్ మోతాదు ఒకటే అయినా పక్కనున్న ప్రొజెస్టిన్‌ను బట్టి తేడా వస్తుంది. లెవోనార్జెస్ట్రెల్‌కు కాస్త మగ హార్మోను గుణం ఉంది, అది ఈస్ట్రోజన్ జోరును కొంత తొక్కిపెడుతుంది. డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్, సైప్రోటెరోన్ కలిసిన మాత్రల్లో ఆ పగ్గం లేదు. మొటిమలకు, అవాంఛిత రోమాలకు రాసేవి ఎక్కువగా ఇవే.

అసలు చిక్కు ఇంకోచోట ఉంది. “గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా?” అని అడిగితే మన వైపు సగం మంది లేదనే చెబుతారు. అబద్ధం కాదు. వాళ్ల లెక్కలో అవి ‘నెలసరి మాత్రలు’, ‘పీసీఓడీ మాత్రలు’, ‘మొటిమల మాత్రలు’. పెళ్లికాని అమ్మాయి పక్కన అమ్మ కూర్చుని ఉంటే ఆ ప్రశ్న అడగడమే తప్పవుతుంది. “నెలసరి సరిగ్గా రావడానికో, ఆపడానికో ఏదైనా బిళ్ల వేసుకుంటున్నావామ్మా? స్ట్రిప్పు ఉంటే చూపించు” అంటే నిజం బయటికొస్తుంది.

ఆపడానికి అన్నాను కాబట్టి: పెళ్లిళ్లకు, వ్రతాలకు, అంతర్వేది తీర్థానికి నెలసరి వాయిదా వేసే నోరెథిస్టెరాన్ 5 మి.గ్రా. బిళ్ల. రోజుకు మూడు, నెలసరికి మూడు రోజుల ముందు నుంచి. ఇది ఉత్త ప్రొజెస్టిన్ కదా అనుకుంటారు. కానీ ఒంట్లో ఇందులో కొద్ది భాగం ఇథినైల్ ఈస్ట్రడయోల్‌గా మారుతుంది. రోజుకు 10–20 మి.గ్రా. వేసుకుంటే అది దాదాపు 20–30 మైక్రోగ్రాముల ఈస్ట్రోజన్ ఉన్న కలిపి మాత్ర (ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ రెండూ ఉన్నది) వేసుకున్నట్టే. 2027 పుష్కరాలకు ఈ బిళ్లలు బుట్టలతో అమ్ముడవుతాయి, రాసి పెట్టుకోండి. గతంలో కాలి సిరలో గడ్డ కట్టిన మనిషికి కౌంటర్ మీద ఇది ఇవ్వకూడదు.

దాళ్వా_చేను

ఇంజెక్షన్, లూప్ వాళ్ల సంగతేంటండి?

గైనిక్_కాకినాడ

ఈస్ట్రోజన్ లేని పద్ధతుల్లో సీఆర్‌పీ పెద్దగా కదలదు. అంతరా ఇంజెక్షన్ (డీఎంపీఏ 150 మి.గ్రా., మూడు నెలలకోసారి కండకు), డెసోజెస్ట్రెల్ ఒక్కటే ఉన్న మినీ మాత్ర, లెవోనార్జెస్ట్రెల్ లూప్, చేతిలో పెట్టే ఇంప్లాంట్, అన్నీ ఈ గుంపే. ఛాయా గర్భనిరోధక బిళ్ల అసలు స్టెరాయిడ్ హార్మోనే కాదు. లక్నో సీడీఆర్‌ఐ తయారు చేసిన సెంట్‌క్రోమన్ 30 మి.గ్రా. అది. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. అంతరా వేయించుకున్న మనిషికి సీఆర్‌పీ 9 వస్తే ఇంజెక్షన్ మీద తోసేయకుండా కారణం వెతకండి.

చర్మం మీద అంటించే ప్యాచ్, యోని రింగు గురించి ఒక మాట. కాలేయాన్ని తప్పించుకుంటాయి కాబట్టి వీటితో పెరగదని అనుకుంటారు. మెనోపాజ్‌లో పూసుకునే ఈస్ట్రడయోల్ జెల్ విషయంలో అది నిజమే. కానీ గర్భనిరోధక ప్యాచ్‌లో, రింగులో ఉండేది ఇథినైల్ ఈస్ట్రడయోల్. కాలేయం దాన్ని తేలిగ్గా విరగ్గొట్టలేదు, ఏ దారిన వెళ్లినా రక్తంతో పాటు తిరిగి తిరిగి అక్కడికే చేరి పని చేస్తుంది.

కాపర్-టీలో హార్మోను లేదు. కాకపోతే పెట్టిన తొలి 20 రోజుల్లో పొత్తికడుపు నొప్పి, వాసనొచ్చే తెల్లబట్ట, పైన సీఆర్‌పీ ఎక్కువ ఉంటే గర్భాశయ ఇన్‌ఫెక్షన్ అనుకుని అదే రోజు చూడాలి.

ఎర్రమూత_గొట్టం (ల్యాబ్, భీమవరం)

రిపోర్టు ఎలా చదవాలో అందరూ చెబుతున్నారు. ఆ రిపోర్టు ఎలా పుట్టిందో కూడా చూడండి.

ముందు యూనిట్. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీగ్రాముల్లో, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. 0.7 మి.గ్రా./డె.లీ. అంటే 7 మి.గ్రా./లీ. పది రెట్ల తేడా. పాత రిపోర్టు ఒక ల్యాబుది, కొత్తది ఇంకో ల్యాబుది పక్కపక్కన పెట్టి “ఒక్కసారిగా పెరిగిపోయింది” అనుకునే కేసుల్లో ఇదే ఎక్కువ.

రెండోది, పరీక్ష రకం. చిన్న ల్యాబుల్లో చేసేది లేటెక్స్ స్లైడు. 6 మి.గ్రా./లీ. దాటితే గుళికలు కట్టి పాజిటివ్ చూపిస్తుంది. పలచన చేసుకుంటూ పోతే 12, 24, 48 అని మెట్లమెట్లుగా చెప్పగలదు తప్ప 6.8కీ 9కీ తేడా దానికి తెలియదు. రెండు నిమిషాలకు చూడాలి. మాటల్లో పడి ఐదో నిమిషంలో చూస్తే అంచులు ఎండి గుళికలు కట్టినట్టే కనిపిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రీఏజెంట్ గది వేడికి రాకుండా వాడినా తేడా వస్తుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ (కీళ్లవాతంలో కనిపించే యాంటీబాడీ) ఎక్కువున్న సీరంతో దొంగ పాజిటివ్ రావచ్చు. మరీ ఎక్కువ సీఆర్‌పీ ఉంటే పలచన చేయని స్లైడు నెగటివ్ చూపిస్తుంది, ఇది అన్నిటికంటే ప్రమాదం. మాత్రల ప్రభావం లాంటి చిన్న తేడా చూడాలంటే మెషీన్ మీద చేసే హెచ్‌ఎస్-సీఆర్‌పీయే కావాలి.

ఈఎస్‌ఆర్ గురించి. మాత్రలతో ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే ప్రొటీన్) పెరుగుతుంది, ఎర్రకణాలు దొంతర్లు కట్టి త్వరగా దిగుతాయి. నిజమే, కానీ ఆ పెరుగుదల కొద్దిపాటిదే. వయసుకు పది కలిపి రెండుతో భాగిస్తే ఆడవాళ్లకు పై హద్దు వస్తుంది. 26 ఏళ్లకు 18. మాత్ర వాడే మనిషికి 22, 25 వస్తే ఆశ్చర్యపోను. 30 దాటితే ముందు హిమోగ్లోబిన్ చూస్తాను. మన రాష్ట్రంలో ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనులే, ఈఎస్‌ఆర్‌ను పైకి లాగేది ఎక్కువగా అదే.

ఇక మే నెలలో మన డెల్టా గదులు. ఈఎస్‌ఆర్ చూసే వెస్టర్‌గ్రెన్ గొట్టానికి 18–25 డిగ్రీలు కావాలి. కరెంటు పోయి గదిలో 36 ఉంటే ఈఎస్‌ఆర్ దానంతటదే పెరుగుతుంది. గొట్టం మూడు డిగ్రీలు ఒరిగితే 30 శాతం దాకా ఎక్కువ చూపించొచ్చు. ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఉంచే రసాయనం) కలిపిన రక్తం బయట ఉంచితే నాలుగు గంటల్లోపు పెట్టేయాలి. లంకలో పొద్దున్న తీసి, పంటు దాటించి, బస్సెక్కించి మధ్యాహ్నం మూడింటికి పెట్టిన ఈఎస్‌ఆర్‌కు విలువ లేదు, అది తక్కువ కూడా చూపించొచ్చు. సీఆర్‌పీ అంత సుకుమారం కాదు. సీరం వేరు చేసి ఐస్ పెట్టెలో పంపితే చాలు, పరగడుపు కూడా అక్కర్లేదు. భోజనం తర్వాత సీరం పాలలా తెల్లగా ఉంటే మాత్రం మెషీన్ తడబడుతుంది.

లంక_క్లినిక్

పంటు మాట మా గురించే అన్నట్టుందండి, ఆయ్. ఇకనుంచి ఈఎస్‌ఆర్ పంపను, సీఆర్‌పీ పంపుతాను.

అయితే 10 లోపు ఉంటే వదిలేయొచ్చా?

గైనిక్_కాకినాడ

‘వదిలేయడం’ వద్దు. నాకు పనికొచ్చే వరస ఇది.

మొదట మనిషిని చూడండి. జ్వరం, పన్ను నొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మూత్రంలో మంట, కాలి వేళ్ల సందుల్లో ఒరుపులు, గత వారంలో జలుబు, రెండు మూడు రోజుల్లో టీకా. చిగుళ్ల జబ్బును ఎవరూ అడగరు, సీఆర్‌పీని నెమ్మదిగా ఎత్తి ఉంచే కారణాల్లో అదొకటి. నెల తప్పిందా అని కూడా అడిగి అనుమానముంటే యూపీటీ చేయండి, గర్భంలోనూ సీఆర్‌పీ కొంచెం పెరుగుతుంది.

ఏమీ లేదు, 10 లోపు ఉంది, ఈస్ట్రోజన్ మాత్ర వాడుతోంది: కాగితం మీద “కలిపి మాత్ర, ఫలానా నెల” అని రాసి పంపించండి. యాంటీబయాటిక్ వద్దు.

10 దాటితే మాత్రల ఖాతాలో వేయకండి. కారణం వెతికి, దొరక్కపోతే రెండు వారాలకు మళ్లీ చేయించండి. సీఆర్‌పీ సగం తగ్గడానికి 19 గంటలు చాలు, చిన్న జలుబు తాలూకుదైతే రెండు వారాల్లో ఆనవాలుండదు. రెండోసారీ 10 పైనే ఉంటే డాక్టరుకు పంపాలి.

హెచ్‌ఎస్-సీఆర్‌పీని గుండె ముప్పుకు వాడే లెక్క ఒకటుంది: 1 లోపు తక్కువ, 1–3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. ఈస్ట్రోజన్ మాత్ర మీదున్న మనిషి రిపోర్టుకు ఈ గీతలు అన్వయించకండి. పాతికేళ్ల పిల్లకు ‘హై కార్డియాక్ రిస్క్’ అని అచ్చువేసి ఇవ్వడం ప్యాకేజీ వాళ్ల సాఫ్ట్‌వేర్ తెలివి. ఆ మాత్ర మీద గుండెకు, రక్తనాళాలకు అడగాల్సినవి వేరే: బీపీ ఎంత, తలనొప్పికి ముందు కళ్లముందు మెరుపులు వస్తాయా, చుట్ట గానీ సిగరెట్టు గానీ తాగుతుందా, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో రక్తం గడ్డకట్టిందా, కాన్పయి ఎన్ని వారాలైంది. బీపీ 160/100 ఉంటే, మెరుపుల మైగ్రేన్ ఉంటే, పాలిచ్చే తల్లికి ఆరు వారాలు నిండకపోతే కలిపి మాత్ర ఇవ్వనే కూడదు, సీఆర్‌పీ అరలో అర ఉన్నా సరే.

ఫైలేరియా_క్యాంపు

కాలి వాపు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తుతాను. గోదావరి జిల్లాల్లో ఒక కాలు వాస్తే ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు, ఒక్కోసారి మనమూ ‘బోదకాలు’ అనేస్తాం. ఫైలేరియాకిచ్చే డీఈసీ బిళ్లలిచ్చి పంపేస్తాం. కలిపి మాత్ర మొదలెట్టి ఏడాది దాటని మనిషికి ఒక కాలు హఠాత్తుగా వాస్తే, డాప్లర్ స్కాన్‌లో కాదని తేలేదాకా అది సిరలో గడ్డే అనుకోండి.

ఫైలేరియా తీవ్ర దాడిలో చలిజ్వరం ముందొస్తుంది, గజ్జల్లో బిళ్ల కడుతుంది, చర్మం ఎర్రబడి తాకితే కాలుతుంది, సీఆర్‌పీ పదుల్లోకి పోతుంది. సిరలో గడ్డ కడితే పిక్క లోపల నొప్పి, బరువు, జ్వరం ఉండకపోవచ్చు లేదా కొంచెం వేడి. సీఆర్‌పీ రెండిట్లోనూ పెరుగుతుంది కాబట్టి దాంతో తేల్చలేం. టేపు తీసుకోండి. మోకాలి చిప్ప కింద ఎముక బొడిపె నుంచి 10 సెం.మీ. దిగువన రెండు పిక్కలూ కొలవండి. తేడా 3 సెం.మీ. దాటితే అదే రోజు పంపాలి. వెల్స్ స్కోరులో (సిరలో గడ్డ అనుమానాన్ని అంచనా వేసే లెక్క) మాత్రల వాడకానికి పాయింటు లేదు, అందుకని స్కోరు తక్కువొచ్చిందని ధీమా పడొద్దు.

డి-డైమర్ (గడ్డ కరిగినప్పుడు వచ్చే ముక్కల కోసం చేసే రక్తపరీక్ష) నెగటివ్‌గా ఉండి అనుమానమూ తక్కువైతే ఊరట. పాజిటివ్‌కు మాత్రం పెద్ద విలువ లేదు, ఇన్‌ఫెక్షన్‌లోనూ పెరుగుతుంది, మాత్రలతోనూ కొద్దిగా పెరుగుతుంది. రాత్రి పూట తీసిన రక్తపు పూతలో మైక్రోఫైలేరియా కనబడినా సిరలో గడ్డ లేదని కాదు, మన ఊళ్లలో రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

మందులకొట్టు_రావులపాలెం

ఇది చదివి ఎవరూ బెదిరిపోకుండా అంకెలు. ఏడాదికి పదివేల మంది ఆడవాళ్లలో సిరలో గడ్డ కట్టేది: మాత్ర లేనివాళ్లలో సుమారు 2, లెవోనార్జెస్ట్రెల్ మాత్రతో 5–7, డెసోజెస్ట్రెల్ లేదా డ్రోస్పిరినోన్ మాత్రతో 9–12. ఐరోపా మందుల సంస్థ 2013 సమీక్షలో ఇచ్చిన లెక్క ఇది. గర్భంలో, కాన్పయిన తొలి వారాల్లో ముప్పు వీటన్నిటికంటే ఎక్కువ.

కీళ్ల_ఓపీ (రాజమహేంద్రవరం)

కీళ్లవాతం ఉన్నవాళ్లకు ఈ చర్చ ఇంకా ముఖ్యం. కీళ్లవాతం తీవ్రతను లెక్కగట్టే డీఏఎస్-28 స్కోరులో సీఆర్‌పీ గానీ ఈఎస్‌ఆర్ గానీ వేస్తాం. మాత్ర వల్ల వచ్చిన నాలుగైదు పాయింట్ల సీఆర్‌పీ స్కోరును పైకి తోస్తుంది, మందు పనిచేయట్లేదని మెథోట్రెక్సేట్ (కీళ్లవాతం మందు) పెంచేసే ప్రమాదముంది. మెథోట్రెక్సేట్ వాడే మనిషికి గర్భనిరోధం తప్పనిసరి కాబట్టి ఈ రెండూ కలిసే సందర్భం తరచూ వస్తుంది. వాచిన కీళ్లు, నొప్పున్న కీళ్లు చేత్తో లెక్కపెట్టి, సీఆర్‌పీని ఆ మనిషి సొంత పాత అంకెతోనే పోల్చాలి. పేగు పూత జబ్బుల్లోనైతే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపును చూపే ప్రొటీన్) పరీక్ష చేయించండి, అది కాలేయం సరుకు కాదు.

లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) విషయం. నిలకడగా ఉన్న లూపస్‌లో కలిపి మాత్రలు జబ్బును రేపవని 2005లో వచ్చిన రెండు ట్రయల్స్ తేల్చాయి. కానీ రక్తం గడ్డకట్టే ముప్పు పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు పాజిటివ్ అయితే ఈస్ట్రోజన్ ముట్టుకోకూడదు. ముందు ఆ పరీక్ష, తర్వాత మాత్ర.

దాళ్వా_చేను

మాత్రలు, ఇంజెక్షన్లు వాడితే రోగనిరోధక శక్తి తగ్గిపోతుందని వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులో నిజమెంత?

కీళ్ల_ఓపీ (రాజమహేంద్రవరం)

డీఎంపీఏలోని మందు కార్టిజోన్ గ్రాహకాలకు కూడా అతుక్కుంటుంది, ల్యాబులో కణాల మీద అణచివేసే గుణం కనిపిస్తుంది. ఆ భయంతోనే హెచ్‌ఐవీ సోకడం పెరుగుతుందా అని ఆఫ్రికా దేశాల్లో 7,829 మంది ఆడవాళ్ల మీద ఎకో ట్రయల్ చేశారు. 2019లో ఫలితం: డీఎంపీఏ, కాపర్ లూప్, లెవోనార్జెస్ట్రెల్ ఇంప్లాంట్ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. టీకా కోసం ఏ పద్ధతీ ఆపక్కర్లేదు.

ఆపక్కర్లేదు గానీ చూసుకోవాల్సినది ఒకటుంది. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ మాత్ర హార్మోనును కాలేయంలో తొందరగా కరిగించేస్తుంది. ఫెనిటాయిన్, కార్బమజెపైన్ కూడా. ఈ మందులున్నన్నాళ్లూ, ఆపాక మరో నాలుగు వారాలూ కలిపి మాత్రను నమ్మకూడదు. అంతరా గానీ కాపర్-టీ గానీ మేలు.

ఎర్రమూత_గొట్టం (ల్యాబ్, భీమవరం)

సీఆర్‌పీ ఒక్కటే కాదండి, కాలేయం తయారు చేసే చాలా ప్రొటీన్లు ఇదే దారి. సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్), దాంతో రాగి పెరుగుతాయి. బ్లడ్ బ్యాంకులో దీనివల్ల ఆకుపచ్చ ఛాయ ఉన్న ప్లాస్మా సంచి వస్తే కొత్త పిల్లలు కంగారుపడి పారేస్తారు. దాత మాత్రలు వాడుతోందేమో అడగాలి, అలాంటి ప్లాస్మా ఎక్కించదగ్గదే.

థైరాయిడ్‌లో మొత్తం టీ-4 పెరుగుతుంది, ఫ్రీ టీ-4, టీఎస్‌హెచ్ చూడండి. మొత్తం కార్టిసాల్ రెండింతలు రావచ్చు, ఎండోక్రైన్ వాళ్లు ఆ పరీక్షకు ఆరు వారాల ముందు మాత్ర ఆపమంటారు. ప్రొటీన్-ఎస్ (రక్తం అతిగా గడ్డకట్టకుండా చూసేది) తగ్గుతుంది, మాత్ర మీద చేసి ‘పుట్టుకతో లోపం’ అని రాయొద్దు. ఐరన్ పరీక్షలో టీఐబీసీ (రక్తం ఐరన్‌ను మోయగల సామర్థ్యం) పెరుగుతుంది. బీ-12 కొంచెం తక్కువ కనిపిస్తుంది.

లంక_క్లినిక్

అయితే ల్యాబు చీటీ మీద ఏం రాసి పంపమంటారు?

ఎర్రమూత_గొట్టం (ల్యాబ్, భీమవరం)

ఒక్క లైను చాలండి: “మాలా-ఎన్, నాలుగో నెల, స్ట్రిప్పులో 12వ బిళ్ల. ఎల్‌ఎంపీ (చివరి నెలసరి) తేదీ. రక్తం తీసిన టైము 7:40. గత రెండు వారాల్లో జ్వరం లేదు.” మళ్లీ చేయిస్తే అదే ల్యాబులో, ఐరన్ బిళ్లల వారంలో కాకుండా హార్మోను బిళ్లల మీదే ఉన్నప్పుడు తీయండి. పీసీఓడీ మాత్రయితే పేరు తెలియకపోయినా ఫరవాలేదు, స్ట్రిప్పు వెనకవైపు ఫోటో తీసి పంపిస్తే మందు పేరు మేమే ఎక్కించుకుంటాం.